ఐదో బల్ల కొవ్వొత్తులు

టీ గ్లాసు పట్టుకుని వంటింటి గడపకీ వీధి తలుపుకీ మధ్య పదకొండోసారి తిరుగుతున్నాడు బొంగరం. గ్లాసు అంచుదాకా ఉన్న టీ ఒక్క చుక్క కూడా తొణకడం లేదు. నలభై ఏళ్ళ సాధన మరి.

"కూర్చుని తాగితే ఆ టీ ఏమన్నా చేదెక్కుతుందా?" అంది భార్య, వంటింట్లోంచి తల బయటికి పెట్టి.

"కూర్చుంటే చల్లారిపోతుంది."

"తిరిగితే గాలి తగిలి ఇంకా తొందరగా చల్లారుతుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్తున్నా."

అతను వినలేదు. ఆమె మాట పూర్తయ్యేసరికి వీధి తలుపు దగ్గరున్నాడు.

జీతం కాగితం మీద అతనికి వేరే పేరుంది. గుమస్తా ఆ పేరు పెట్టి పిలిస్తే, ఎవరబ్బా ఈయన అని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. ఫ్యాక్టరీలోనూ వీధిలోనూ అత్తారింట్లోనూ అందరికీ అతను బొంగరమే. యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. ముఖం మీద కండ లేదు కానీ మోకాళ్ళ కింద పిక్కలు మాత్రం పురితాళ్ళలా మెలితిరిగి ఉంటాయి. చెప్పులు మూడు నెలలకి మించి ఆగవు. ఒకసారి దర్జీ అతని పక్కనే వీధి చివరిదాకా నడుస్తూ కొలతలు తీసుకున్నాడట. ఒక చెయ్యి వీధి మొదట్లోనూ ఇంకో చెయ్యి వీధి చివర్లోనూ కొలిచినందువల్ల చొక్కా చేతులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వచ్చాయట. ఇది నలుగురూ చెప్పుకునే మాట. గోడకున్న కుటుంబం ఫోటోలో అందరికీ రెండేసి చేతులుంటే అతనికి మూడు ఉండటం మాత్రం చెప్పుకునే మాట కాదు. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటంటే, రోజూ నాలుగు గంటలపాటు కొవ్వొత్తులు కాలుతుంటే చూడటం.

"చెల్లి రాత్రి అన్నం ముట్టలేదట," అంది భార్య, టిఫిన్ డబ్బా అందిస్తూ. అందించడానికి ఆమె కూడా అతని వెంట నాలుగడుగులు నడవాల్సి వచ్చింది. "ఇవాళే కదూ ఆఖరు?"

"ఆఖరే. పదో రోజు. మధ్యాహ్నం అంకెలు ఇస్తే మేనేజరు తేల్చేస్తాడు."

"మీరేమీ చెయ్యలేరా?"

"ఏం చెయ్యను? ఎంతసేపు కాలితే అంత రాస్తాను. మరదలు కదా అని పది నిమిషాలు కలిపి రాయమంటావా?"

"కలపమని ఎవరన్నారు? అలా ఎందుకొస్తున్నాయో చూడండి అంటున్నా. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో మీకున్న పనే చూడటం. ఆ చూసేదేదో సరిగ్గా చూడండి."

ఈ మాట విన్నాడు. విన్నాడు కాబట్టే గబగబా మెట్లు దిగిపోయాడు.

ఇంటి నుంచి ఫ్యాక్టరీకి పావుగంట దారి. అతనికి ముప్పావుగంట పడుతుంది. వంతెన దిగగానే ఎడమవైపు కుర్చీలూ మంచాలూ బాగుచేసే కొట్ల సందు ఉంది. అందులోంచి వెళ్తే తిన్నగా గేటు ముందు తేలతారు. అతను మాత్రం కుడికి తిరిగి, బస్సుల షెడ్డు చుట్టూ, ఆసుపత్రి గోడ వెంట, బట్టల కొట్ల మీదుగా వస్తాడు. ఎవరైనా అడిగితే నాలుగడుగులు కలిసొస్తాయంటాడు. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో అతని కాలు పడని వీధంటూ ఉంటే అది ఆ కుర్చీల సందొక్కటే.

గేటు దగ్గర మరదలు నిలబడి ఉంది. భార్యకి చెల్లెలు, యాభై దాటింది. ముంజేతుల మీద వేడి మైనం పడి కాలిన తెల్లటి మచ్చలు పప్పుగింజల్లా ఉన్నాయి. అతనెంత తిరుగుతాడో ఆవిడ అంత నిలకడ. పదిహేడేళ్ళుగా ఐదో బల్ల ముందు నిలబడి అచ్చుల్లో మైనం పోస్తోంది. ఆమె పాదాలున్న చోట నేల రంగే వేరుగా ఉంటుంది.

"ఏం బావా, ఉరితాడు పేనడం అయిపోయిందా?"

"పొద్దున్నే ఏం మాటలే అవి?"

"మరేం మాటలు చెప్పమంటావు? చూడు, ఆదివారం పగలు ఇంట్లో రెండు కొవ్వొత్తులు పక్కపక్కన పెట్టి వెలిగించా. మొదటి బల్లదొకటి, నాదొకటి. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఆరాయి."

"ఒకటీ ఒకటీ పెట్టి చూస్తే లెక్క కాదు. ఒక్కదానికి ఏదైనా జరగొచ్చు."

"నీ గదిలో నాలుక్కి నాలుగూ రోజూ ముందే పోతున్నాయి కదా, అది మాత్రం లెక్కా? ఇంట్లో బుద్ధిగా కాలిన పిల్లలకి నీ దగ్గరికొచ్చేసరికి ఏం రోగం? నీ మొహం చూసి బెంగ పెట్టుకుంటున్నాయా?"

అతను అప్పటికే అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేస్తున్నాడు.

"ఒక్కచోట నిలబడి చెప్పు బావా! నీతో మాట్లాడితే నా మెడ అరిగిపోతోంది."

అతను గేటులోకి వెళ్ళిపోయాడు. మరదలి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది కానీ, ఆమె చీర చెంగుని వేలికి బిగించి చుట్టి విప్పుతూ ఉండటం అతను చూశాడు. ఆమె అలా చేతులు ఊరికే ఆడించడం అతను చూడటం అదే మొదటిసారి.

ఫ్యాక్టరీ చిన్నదే. ఒక కాగు, ఐదు బల్లలు. మైనమంతా ఆ ఒక్క కాగులోదే, ఒత్తి దారమంతా ఒక్క కండెదే. పోసే చేతులు మాత్రం ఐదు జతలు. నాలుగు గంటలు కాలాల్సిన కొవ్వొత్తి ముందే ఆరిపోతోందని కొనేవాళ్ళ దగ్గర్నుంచి మూడు నెలల్లో ఏడు ఉత్తరాలొచ్చాయి. కొత్త మేనేజరు వాటిని గుండుసూదితో గుచ్చి బల్ల మీద పెట్టుకుని, "ఐదింట్లో ఏదో ఒక చెయ్యి బాగాలేదు. పదిరోజులు పరీక్ష చేసి ఏదో తేల్చండి. ఆ చేతిని పంపించేద్దాం," అన్నాడు.

తేల్చడానికి పై అంతస్తులో లెక్కలమ్మ ఉంది. పాతికేళ్ళ పిల్ల. కళ్ళజోడు ముక్కు మీద నిలవక, మాట్లాడినంతసేపూ దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. బొంగరం ఇన్నేళ్ళుగా చేసింది ఒక్కటే. రోజూ బల్లకి నాలుగు చొప్పున ఇరవై కొవ్వొత్తులు కాల్చడం, ఏది ఎన్ని నిమిషాలు కాలిందో రాయడం, బల్లవారీగా సగటు కట్టడం. ఐదో బల్ల సగటు ఎప్పుడూ అందరికంటే తక్కువే. పాత మేనేజరు దాన్ని చూసి మరదల్ని నెలకోసారి కసిరి ఊరుకునేవాడు. లెక్కలమ్మ ఊరుకోలేదు. విస్తృతి విశ్లేషణ అని ఒకటి చేసింది.

"సగటు తక్కువైనంత మాత్రాన తప్పని చెప్పలేమండీ," అని ఆమె ఐదో రోజున అతనికి వివరించబోయింది. అతను తిరుగుతుంటే ఆమె కూడా వరండాలో వెంట నడిచింది. "ఒకే బల్ల మీద ఒకే చెయ్యి పోసిన నాలుగింట్లో కూడా నాలుగైదు నిమిషాలు తేడా ఉంటుంది కదా. ముందు ఆ తేడా ఎంతో చూస్తాం. తర్వాత బల్లకీ బల్లకీ మధ్య ఎంతో చూస్తాం. రెండోది మొదటిదానికి ఎన్ని రెట్లుందన్నదే లెక్క."

"అంటే ఇంట్లో తగువు కంటే వీధిలో తగువు పెద్దదా అని చూస్తారన్నమాట."

ఆ పిల్ల ఆగి కళ్ళజోడు తోసుకుంది. "మా పంతులుగారు ఇంత బాగా చెప్పలేదండీ. అంతే. ఆ రెట్లు మూడు దాటితే యాదృచ్ఛికం కాదంటాం."

"ఎంతొచ్చింది?"

"పదమూడు."

మిగతా నాలుగు బల్లలూ రెండు వందల నలభైకి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూగా ఉంటే, ఐదోది రెండు వందల ఇరవై. తొమ్మిది రోజులుగా అంతే. ఎవరి పక్షమూ వహించలేని అంకె అది. మరదలు కదా అని నిమిషాలు కలపలేడు, మరదలు కదా అని తీసెయ్యనూ లేడు.

ఇంకో సంగతి లెక్కలమ్మకి తెలియదు. పద్దెనిమిదేళ్ళ కింద ఐదో బల్ల దగ్గర వేరే ఆయన ఉండేవాడు. చేతిలో చెక్కపని కూడా ఉన్న మనిషి. అప్పుడూ ఇలాగే ఉత్తరాలొచ్చాయి, అప్పుడూ ఇవే అంకెలు. ఆయన్ని పంపించేశారు. కొన్నాళ్ళకి ఆ ఖాళీలోకే బొంగరం మరదల్ని తీసుకొచ్చి నిలబెట్టాడు. ఆయన కుర్చీల సందులో కొట్టు పెట్టుకున్నాడు.

పరీక్ష గది ఫ్యాక్టరీకి వెనక కొస. పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఎడమ సగమంతా పాత రిజిస్టర్ల బీరువాలు. వాటి ముందు నుంచి కుడి కొసదాకా నడుమెత్తు సిమెంటు గట్టు. గట్టు మీద రేకు పళ్ళెం, పళ్ళెంలో ఇసక, ఇసకలో వరసకి నాలుగు చొప్పున ఐదు వరసల కొవ్వొత్తులు. ఎడమ చివర మొదటి బల్లవి, కుడి చివర ఐదో బల్లవి. ఉద్యోగంలో చేరిన రోజు అలా పెట్టాడు. మళ్ళీ మార్చలేదు. మారిస్తే తికమక అవుతుందని భయం. బీరువాలు పోను నడవడానికి మిగిలింది గట్టు కుడి కొస పక్కన తలుపు నుంచి వెనక గోడదాకా ఉన్న జాగా ఒక్కటే. తొమ్మిది అడుగులు అటు, తొమ్మిది అడుగులు ఇటు. అక్కడ సిమెంటు నున్నబడి, మధ్యలో కాస్త గుంటపడి, వానాకాలంలో తలుపు కింద నుంచి నీళ్ళొస్తే కాలవలా నిలుస్తుంది.

ఆ గదిలో గాలంటే అతనికి పగ. కిటికీకి చెక్క కొట్టించాడు. పంకా పీకించాడు. తలుపుకి దుప్పటంత మందం తెర వేయించాడు. ఊడ్చే ఆవిడ మంటలున్నప్పుడు లోపలికి రాకూడదు. తుమ్ము వస్తే ముక్కు నులుముకుంటూ బయటికి పరిగెత్తి, వరండా చివర తుమ్మి వస్తాడు. ఒకసారి పాత మేనేజరు గడపలో నిలబడి పొట్ట ఊగేలా నవ్వుతుంటే, "సార్, తమరు నవ్వేది బయట నవ్వండి," అన్నాడు. కొవ్వొత్తినీ మనిషి బతుకునీ పోల్చి ఎవరైనా నిట్టూరిస్తే అతనికి ఒళ్ళు మంట. లక్షా యాభైవేల పైచిలుకు కొవ్వొత్తులు చూశాడు, ఒక్కటీ మనిషిలా లేదు. చెప్పిన చోట నిలబడి, చెప్పినంతసేపు కాలేది మనిషెలా అవుతుంది?

వెనక గోడ దగ్గర ఒక కుర్చీ ఉంది. ఐదో బల్ల పాత మనిషి చేసిందది. మిగిలిపోయిన పెట్టెల చెక్కలు కోసి, చిత్రిక పట్టి, ఒక్క మేకు లేకుండా బిగించాడు. "రోజంతా తిరుగుతావు, నిన్ను చూస్తే నాకు కాళ్ళు పీకుతున్నాయయ్యా. దీని మీద కాస్త కూర్చో," అని ఆయనే మోసుకొచ్చి పెట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన్ని పంపించేశారు. ఆ కుర్చీకి గొడుగు తగిలించడం తప్ప బొంగరం దానితో ఏ పనీ చెయ్యలేదు. కూర్చునే చెక్క కొత్త పెళ్ళికూతురి పాదంలా నునుపుగా ఉండిపోయింది.

తొమ్మిదింటికి ఇరవై ఒత్తులూ వెలిగించాడు. గడియారం చూశాడు. నడక మొదలుపెట్టాడు.

తొమ్మిది అటు. తొమ్మిది ఇటు. ఇవాళ కాళ్ళు వాటంతటవే తొందరపడుతున్నాయి. ఇంట్లో రెండూ ఒకేసారి ఆరాయంది. అబద్ధమాడే మనిషి కాదు. ఒకే కాగు. ఒకే దారం. తొమ్మిది అటు. మరి తేడా చేతిలోనే ఉందా? ఆ చెయ్యి పోస్తుంటే అతను వందసార్లు చూశాడు, దారంలా సన్నగా, తెగకుండా పోస్తుంది. తొమ్మిది ఇటు. పాతాయన చెయ్యీ అలాంటిదే. ఇద్దరు మంచి పనివాళ్ళు ఒకే బల్ల దగ్గర చెడిపోయారా? తొమ్మిది అటు. మధ్యాహ్నం ఆ అంకె పైకి తీసుకెళ్ళాలి. సాయంత్రం ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? కాలుగాలిన పిల్లి కూడా అతన్ని చూస్తే ఆ పూట సిగ్గుపడేది.

పావు తక్కువ పదింటికి తెర కాస్త తొలిగింది. లెక్కలమ్మ.

"లోపలికి రావచ్చాండీ? ఇవాళ ఆఖరు కదా. ఈ గది ఎప్పుడూ చూడలేదు."

"రండి. తెర మెల్లిగా వదలండి. అక్కడే నిలబడండి. చేతులు ఊపకండి. తుమ్మొస్తే చెప్పండి."

ఆ పిల్ల ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుంది. తలుపు దగ్గరి జాగా ఆమె తీసుకునేసరికి, అతనికి నడవడానికి చోటు లేకుండా పోయింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో మంటలుండగా రెండో మనిషి నిలబడటం అదే మొదలు. వేరే దారిలేక గట్టు కొసన ఆగిపోయాడు. మోకాళ్ళు లోపల తహతహలాడుతున్నాయి.

"ఎంత అందంగా ఉన్నాయండీ," అంది గుసగుసగా. "అన్నీ గీత గీసినట్టు నిలబడ్డాయి."

అతను చూశాడు. నిజమే. ఇరవై మంటలు. ఐదో వరసవి కూడా బాణాల్లా నిటారుగా ఉన్నాయి. ఐదో వరస మంటలు నిటారుగా ఉండటం అతనెప్పుడూ చూడలేదు. అవి ఎప్పుడూ ఒక పక్కకి వంగి, మళ్ళీ లేచి, మళ్ళీ వంగుతూ ఉండేవి. వాటి తత్వమే అంత అనుకున్నాడు.

ఒక్క అడుగు వేశాడు. నాలుగు మంటలూ వంగాయి.

ఆగాడు. లేచాయి.

వెనక్కి అడుగు వేశాడు. అటు వంగాయి. కొసనున్న దాని అంచు తెగి మైనం ఒక ధారగా పక్కకి కారింది. నాలుగో వరస కదిలీ కదలనట్టు ఉంది. మూడో వరసకి ఏమీ తెలియలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను పక్క నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ నాలుగూ వంగి వంగి దండాలు పెడుతున్నాయి. అతను అందుకుంటూనే ఉన్నాడు.

"ఏమైందండీ? ముఖం అలా అయిపోయింది, కూర్చోండి," అంది లెక్కలమ్మ.

అతను మరో అడుగు వేసి చూశాడు. మరొకటి. ఆ పిల్ల కళ్ళు కూడా అతని పాదాల మీద నుంచి మంటల మీదికి, మంటల మీద నుంచి పాదాల మీదికి తిరగడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు జారి ముక్కు చివరికొచ్చింది. తోసుకోలేదు.

"రోజూ ఇలాగే నడుస్తారా?"

"రోజూ."

"ఐదో బల్లవి రోజూ ఇక్కడేనా పెట్టేది?"

"రోజూ ఇక్కడే."

"అయ్యో," అంది ఆ పిల్ల. కళ్ళజోడు పైకి తోసుకుని, "తప్పు నాదండీ. వరసలు కలిపేసి, రోజుకోలా మార్చి పెట్టారా అని మొదటి రోజే అడగాల్సింది. పైన కూర్చుని అంకెలు చూశాను తప్ప గది చూడలేదు. తేడా ఉందని లెక్క చెప్తుంది. అది ఎవరి వల్లో చెప్పదు," అంది.

అతను గొడుగు తీసి కింద పెట్టాడు. కుర్చీని గట్టుకి దూరంగా జరిపి, ఒకసారి దాని చెయ్యి మీద అరచెయ్యి ఆనించి, కూర్చున్నాడు. పదికి పది నిమిషాలు తక్కువ.

ఆ తర్వాత జరిగిన మూడు గంటల పోరాటం గురించి ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చూసింది లెక్కలమ్మ ఒక్కతే కాబట్టి, చూడనివాళ్ళంతా మరింత బాగా చెప్తారు. మొదటి పావుగంట పాదాలు మాత్రమే ఆడాయి. అరగంటకి మోకాళ్ళు ఎగరడం మొదలుపెట్టాయి. రెండు చేతులతో వాటిని అదిమిపెడితే ఆ ఊపు భుజాల్లోకి ఎక్కింది, భుజాలు బిగిస్తే దవడలోకి ఎక్కి పళ్ళు టకటకలాడాయి. కుర్చీ ముందుకాళ్ళు సిమెంటు మీద కరకరమంటూనే ఉన్నాయి. మంటలు మాత్రం కదల్లేదు. పదకొండింటికి చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. "పోనీ నేను చూస్తాను, మీరు బయట కాసేపు నడిచిరండి," అంది లెక్కలమ్మ. "లేస్తే నడుస్తాను. వెళ్ళేదీ వచ్చేదీ వీటి పక్క నుంచే," అన్నాడు పళ్ళు బిగించి. "నన్ను మాట్లాడించకండి. మాట్లాడితే లేస్తాను."

కూర్చుంటే ఒక ఇబ్బంది ఉంది. నడుస్తుంటే వెనకబడిపోయేవన్నీ కూర్చుంటే వచ్చి పక్కన నిలబడతాయి. ఈ చెక్కని చిత్రిక పట్టిన చెయ్యి వచ్చి నిలబడింది. ఆయన ఆఖరి రోజున గేటు దగ్గర తన చెయ్యి పట్టుకుని, "నీ అంకె మీద నాకు అనుమానం లేదులే. నా చేతి మీదే వచ్చింది," అనటం వచ్చి నిలబడింది. అంత మాట అనిపించుకుని ఆ రోజు తను బస్సుల షెడ్డు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పదిహేడేళ్ళుగా నెలకోసారి మరదలు తిట్లు తిని, నవ్వుకుంటూ బల్ల దగ్గరికి పోవడం వచ్చి నిలబడింది. ఈ కుర్చీలో ఒక్కపూట, ఒకే ఒక్క పూట ముందే కూర్చుని ఉంటే...

మోకాలు ఎగిరింది. అదిమాడు.

పన్నెండు యాభై నాలుగుకి మొదటి మంట ఆరింది. అది నాలుగో బల్లది. తర్వాత రెండోది, తర్వాత ఐదోది, తర్వాత మూడోది, కలగాపులగంగా. లెక్కలమ్మ నిమిషాలు చెప్తుంటే అతను కూర్చునే రాశాడు. అక్షరాలు భూకంపంలో రాసినట్టున్నాయి. ఐదో బల్ల సగటు రెండు వందల ముప్పై ఆరు. మొదట్లో తను నడిచిన యాభై నిమిషాలకి ఆ నాలుగు నిమిషాలు కట్నం పోయాయి.

లెక్కలమ్మ గోడకి ఆనుకునే కాగితం మీద లెక్క కట్టింది. "ఒకటి కూడా రాలేదండీ. ఇంట్లో తగువు కంటే వీధిలో తగువు చిన్నదైపోయింది."

మేనేజరు మూడింటికి ఇద్దర్నీ నిలబెట్టి విన్నాడు. బొంగరం నిలబడలేదనుకోండి, బల్లకీ కిటికీకీ మధ్య నడుస్తూనే చెప్పాడు. విన్నాక మేనేజరు ఉత్తరాల కట్టని కాసేపు వేలితో మీటాడు.

"అంటే ఇన్నేళ్ళ రిజిస్టర్లూ తప్పేనా?"

"నాలుగు బల్లలవీ ఒప్పే సార్. ఐదోది కొవ్వొత్తుల లెక్క కాదు, నా కాళ్ళ లెక్క."

"ఈ ఉత్తరాల సంగతేంటి మరి?"

"ఐదు చేతులూ ఒకటే అయితే మైనంలోనో ఒత్తిలోనో, వాళ్ళు వెలిగించే చోట గాలిలోనో చూడాలి సార్," అంది లెక్కలమ్మ. "కానీ ఒక్కరోజుతో తేల్చలేం. మళ్ళీ పదిరోజులు చెయ్యాలి. రోజూ వరసలు కలిపి పెట్టి, గదిలో ఎవరూ కదలకుండా."

మేనేజరు బొంగరం వైపు చూశాడు. చూడటానికి అతను కూడా మెడ తిప్పాల్సి వచ్చింది. "ఏమయ్యా, కూర్చోగలవా పదిరోజులు?"

"ఇవాళ కూర్చున్నాను సార్. ఈ జన్మకి అది చాలు." గడప దగ్గర ఆగాడు. నిజంగా ఆగాడు. "ఆ గదిలో కూర్చోగలిగినవాళ్ళని పెట్టండి. ఇంకో పదకొండు నెలల సర్వీసుంది నాకు. అక్కర్లేదు. ఐదో బల్ల జోలికి మాత్రం వెళ్ళకండి. కావాలంటే ఈ కాగితం మీదే రాసిస్తాను, తప్పు నాదని."

రాసిచ్చాడు. నిలబడే రాశాడు కానీ పేరు మాత్రం జీతం కాగితం మీదున్నదే పెట్టాడు. గుమస్తా దాన్ని చూసి, ఎవరబ్బా ఈయన అనుకున్నాడట.

మరదలికి కబురు అప్పటికే అందింది. మైనం చేతులతోనే గేటుదాకా వచ్చింది.

"ఏం బావా, నన్ను వదిలి నువ్వు పోతున్నావట?"

"నీ కొవ్వొత్తులకి రోగం లేదే. రోగం నాది."

"ఆ ముక్క అక్క పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. విన్నావా?" అంది. నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంటే బుగ్గ మీద మైనం మరక పడింది. "ఇంటికేనా?"

"ఇంటికే. కాస్త చుట్టు తిరిగి."

ఆమె గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. అతను రోజూ వెళ్ళే బట్టల కొట్ల వైపు తిరగలేదు. ఎదురుగా ఉన్న కుర్చీల సందు మొదట్లో ఆగాడు. రెండడుగులు వెనక్కి వేశాడు, మూడడుగులు ముందుకి వేశాడు, మళ్ళీ ఒకటి వెనక్కి. ఆ తర్వాత తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. చిత్రిక చప్పుడు వినిపిస్తూ ఉన్నది కాస్తా కాసేపటికి ఆగింది.

మర్నాడు తొమ్మిదింటికి లెక్కలమ్మ చీట్లు తీసి, వరసలు కలిపి, ఇరవై కొవ్వొత్తులూ వెలిగించింది. వాటి ముందు కూర్చుందామని కుర్చీ కోసం చూసింది. అది వెనక గోడ దగ్గర, గొడుగు కూడా లేకుండా ఒంటరిగా ఉంది. ఇరవై ఏళ్ళ నునుపు చెక్క మీద ఒక్కరోజు చెమట మరక. నిన్నటి మూడు గంటలకే ముందుకాళ్ళు రెండూ అరిగిపోయి, ఆ కుర్చీ ముందుకి కాస్త ఒంగి ఉంది, ఇప్పుడే లేచి నడవబోతున్నట్టు.